జీబీఎస్ తర్వాత ఇంటికొచ్చి చేసే ఫిజియోథెరపీ, విజయవాడలో మా అనుభవం

మా తమ్ముడికి గులియన్ బారే వచ్చింది, అందరూ జీబీఎస్ అంటారు, 2025 జనవరిలో పుణెలో కేసులు ఒక్కసారిగా పెరిగాయని పేపర్లలో వచ్చిందే అదే. విరేచనాలు తగ్గిన కొద్దిరోజులకి కాళ్ళు తిమ్మిర్లు, తర్వాత మెట్లెక్కలేకపోవడం, ఆపైన చేతులు. మన ఇమ్యూనిటీయే మన నరాల మీద పడుతుందన్నమాట. హాస్పిటల్లో ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఐదు రోజులు ఎక్కించారు, వెంటిలేటర్ దాకా పోలేదు దేవుడి దయవల్ల. కానీ ఆ మందు త్వరగా కోలుకోవడానికి సాయపడుతుందే గానీ పోయిన బలం రావడానికి నెలలు పడుతుంది, అక్కడే ఫిజియో ఎవరనేది ముఖ్యం.

మొదట పెట్టుకున్న సర్వీస్ వాళ్ళు పక్షవాతం పేషెంట్‌కి చేయించినట్టు ఇంకో పది ఇంకో పది అని చేయించేవాళ్ళు, మర్నాడు వాడు మంచం దిగలేకపోయేవాడు. జీబీఎస్‌లో బాగా అలిసేదాకా చేయిస్తే ఉన్న బలం కూడా తగ్గొచ్చని న్యూరాలజిస్ట్ గారు చెప్పాక వాళ్ళని మాన్పించేశాం.

ఇప్పుడొచ్చే ఆయన న్యూరో ఫిజియోలో ఎంపీటీ, అంటే ఫిజియోథెరపీలో పీజీ, చేశారు. మొదటి రోజు ఎక్సర్‌సైజే లేదు, ఒక్కో కండరాన్ని చేత్తో పట్టి చూసి సున్నా నుంచి ఐదు వరకు మార్కులేసి బుక్‌లో రాసుకున్నారు. పాదం పైకెత్తడానికి రెండే వచ్చింది, అంటే పాదం తన సొంత బరువుని కూడా పైకి ఎత్తలేదు, అందుకే పక్కకి తిప్పి పడుకోబెట్టి మడమ కింద చెయ్యి పెట్టి కదిలించమన్నారు, అలా అయితే కదిలింది! మా అమ్మ ఏడ్చేసింది.

రోజూ రాగానే అడిగేది ఒకటే, "నిన్న సాయంత్రం ఎలా ఉన్నావ్ తమ్ముడూ?" అలిసిపోయానంటే ఆ రోజు సగమే. కూర్చోబెట్టే ముందు, కూర్చోబెట్టాక బీపీ చూస్తారు, ఎందుకంటే ఈ జబ్బులో లేవగానే బీపీ పడిపోయే ఛాన్స్ ఉంది. మడమ వెనక టెండన్ (పిక్క కండరాన్ని మడమకి కలిపే పట్టీ) బిగుసుకోకుండా తువ్వాలుతో పాదం లాగడం అమ్మకి నేర్పారు. పాదం వాలిపోకుండా వేసే ఏఎఫ్ఓ స్ప్లింట్ ఆన్‌లైన్‌లో రెడీమేడ్ తీసుకోవద్దు, కొలతలిచ్చి చేయించండి, తీసిన ప్రతిసారీ ఎర్రబడిందేమో చూడండి అన్నారు, స్పర్శ సరిగ్గా లేదు కదా మరి.

మైనస్‌లు ఉన్నాయి. విజిట్‌కి 600, నెల ప్యాకేజీ లేదు. చెప్పిన టైంకి ఎప్పుడూ రారు, ట్రాఫిక్ అంటారు, వాడు తిని రెడీగా కూర్చుని నీరసపడిపోతాడు, అది నాకు నిజంగా కోపం. ఆదివారం రారు. అందుకే ఆయనకి నా రేటింగ్ ఐదుకి నాలుగు.

కాళ్ళు మంటలంటే హాట్ ప్యాక్ పెట్టమని మా పిన్ని ఒకటే పోరు, ఆయన అస్సలు ఒప్పుకోలేదు, కాలినా వాడికి తెలీదమ్మా అని చెప్పి మంటలకి మందు న్యూరాలజిస్ట్‌నే అడగమని పంపించారు.