బెంగళూరులో పీహెచ్‌పీ కోర్సుకి ఫీజు కట్టబోతున్నారా, ముందు ఇది చదవండి

మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్ వైపు పీజీల్లో ఉంటూ వెబ్ ప్రోగ్రామింగ్ నేర్చుకుందామని వచ్చే మన అనంతపురం, కడప, కర్నూలు పిల్లల కోసం రాస్తున్నాను. మా పిన్ని కొడుకు బీకాం అయ్యాక ఇక్కడికొచ్చి మారతహళ్ళిలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పీహెచ్‌పీ (వెబ్‌సైట్లు తయారుచేయడానికి వాడే ప్రోగ్రామింగ్ భాష) కోర్సులో చేరాడు. ఫీజు 38 వేలు. "జీరో నుంచి చెప్తాం, ప్లేస్‌మెంట్ గ్యారంటీ" అన్నారు, అదీ మన తెలుగులోనే, దాంతో ఇంట్లోవాళ్ళకి నమ్మకం కుదిరింది.

ల్యాబ్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రాం వాడి సొంత ల్యాప్‌టాప్‌లో వేస్తే "కాల్ టు అన్‌డిఫైన్డ్ ఫంక్షన్ మైఎస్‌క్యూఎల్_కనెక్ట్" అని ఎర్రర్. తనకే బుర్రకెక్కట్లేదనుకుని రాత్రుళ్ళు అదే కోడ్ మళ్ళీ మళ్ళీ రాస్తూ కూర్చునేవాడు పాపం. నేను వెళ్ళి చూస్తే వాడి తప్పేమీ లేదు. డేటాబేస్‌కి కలిపే ఆ పాత ఫంక్షన్లని 2013లో వచ్చిన పీహెచ్‌పీ 5.5 వెర్షన్‌లోనే వాడొద్దని చెప్పేశారు, 2015 డిసెంబర్‌లో 7.0 వచ్చినప్పుడు పూర్తిగా తీసేశారు. వాడి ల్యాప్‌టాప్‌లో ఉన్నది కొత్త వెర్షన్. మరి ల్యాబ్‌లో ఎలా నడుస్తోందంటే, అక్కడ ఇంకా 5.6 పెట్టుకుని, వార్నింగులు స్క్రీన్ మీద కనిపించకుండా సెట్టింగ్ ఆపేశారు. 5.6కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2018 చివరితోనే ఆగిపోయాయి. ట్రైనర్‌ని అడిగితే, ల్యాబ్‌లోని జాంప్ (పీహెచ్‌పీ, డేటాబేస్ కలిపి వచ్చే సాఫ్ట్‌వేర్, XAMPP) ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో ఇస్తాను, అదే వేసుకో అన్నాడట. సమస్య తీర్చడం కాదది, కప్పిపెట్టడం.

ఇంకో సంగతి చూడండి. వాళ్ళు ప్రాజెక్టుగా చేయించిన రిజిస్ట్రేషన్ ఫారంలో నేను డి'సౌజా అని పేరు కొట్టాను, బెంగళూరులో అలాంటి పేర్లు మామూలే కదా. ఆ మధ్యలో ఉన్న సింగిల్ కోట్‌కే పేజీ మొత్తం ఎర్రర్ అయిపోయింది. అంటే ఫారంలో ఎవరేం టైప్ చేసినా నేరుగా క్వెరీలో, అంటే డేటాబేస్‌కి పంపే ఆదేశంలో, కలిసిపోతోంది, లాగిన్ పేజీ కూడా ఇలాగే రాస్తే కావాలని చేసేవాడు పాస్‌వర్డ్ లేకుండానే లాగిన్ అయిపోవచ్చు. టైప్ చేసినదాన్ని ఆదేశంలో కలపకుండా విడిగా పంపే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ వాడితే ఈ గొడవ ఉండదు, కానీ ఆ మాటే సిలబస్‌లో లేదు. పాస్‌వర్డ్‌లు కూడా సులువుగా ఛేదించగలిగే పాత పద్ధతి ఎండీ5తోనే దాస్తున్నారు, 2013 నుంచే అంతకంటే భద్రమైన పాస్‌వర్డ్_హ్యాష్ ఫంక్షన్ ఉన్నా. ఇంటర్వ్యూలో ఈ కోడ్ చూపిస్తే పిల్లాడికి ఎవరు ఉద్యోగం ఇస్తారు? నాకు అసలు కోపం వచ్చింది ఇక్కడే.

ఫీజు సంగతి అంతకంటే జాగ్రత్త. "నో కాస్ట్ ఈఎంఐ" అని ఓటీపీ చెప్పించుకున్నారు, తీరా చూస్తే అది ఒక ఫైనాన్స్ కంపెనీలో వాడి పేరు మీద తీసిన లోన్. కోర్సు మానేసినా ఈఎంఐ ఆగదు, కట్టకపోతే సిబిల్ స్కోర్ దెబ్బతింటుంది. ఆర్‌బీఐ రూల్ ప్రకారం ఇలాంటి డిజిటల్ లోన్‌కి కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (వడ్డీ, ఛార్జీలు, షరతులు రాసి ఉండే కాగితం) ఇవ్వాలి, పెనాల్టీ లేకుండా బయటపడే కూలింగ్ ఆఫ్ గడువూ ఉంటుంది. ఓటీపీ చెప్పకముందే ఆ కాగితం అడిగి చదవండి.

డెమో క్లాసుకి వెళ్ళినప్పుడు మొహమాటపడకుండా ల్యాబ్ సిస్టమ్‌లో పీహెచ్‌పీఇన్ఫో పేజీ తెరిచి చూపించమనండి. పైనే వెర్షన్ పెద్ద అక్షరాలతో ఉంటుంది, 8 కంటే తక్కువుంటే లేచి వచ్చేయండి. డేటాబేస్‌కి ఆ పాత ఫంక్షన్ల బదులు ఇప్పుడు వాడే పీడీఓ చెప్తారా, మైఎస్‌క్యూఎల్ఐ చెప్తారా అని కూడా అడగండి, రెండూ కాదంటే ఇక మాటలక్కర్లేదు. అసలు మొదటి నెల డబ్బు కట్టకుండానే గడపొచ్చు: జాంప్ కొత్త వెర్షన్ ఉచితం, పీహెచ్‌పీ వాళ్ళ అధికారిక మాన్యువల్ ఉచితం, హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్‌కి ఎండీఎన్ అనే ఉచిత వెబ్‌సైట్ ఉంది. ఇప్పుడు మా వాడు అలాగే చదువుతున్నాడు.

రీఫండ్ అడిగితే ఇవ్వం అన్నారు. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టాం, ఫీజు రసీదు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్న వాట్సాప్ మెసేజ్‌లు, ల్యాబ్ స్క్రీన్ మీద 5.6 అని కనిపించే ఫోటో దగ్గర పెట్టుకున్నాం. మీరు ఇప్పటికే ఇలాంటి చోట చేరి ఉంటే రేపు క్లాసులోనే ఆ ఫోటో తీసి పెట్టుకోండి, గొడవ మొదలయ్యాక ల్యాబ్‌లోకి రానివ్వరు.