ఆరేళ్ళు, పదకొండు వేల తూటాలు: నా రూగర్ మార్క్ 4 పిస్టల్

గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీ క్యాంపులో బోర్లా పడుకుని .22 రైఫిల్‌తో (దాదాపు 0.22 అంగుళాల సన్నటి గుండు కాల్చేది) ఐదు తూటాలు కాల్చాను. ఐదంటే ఐదే. కాగితం మీద చిల్లులు దగ్గర దగ్గరగా పడ్డాయని హవల్దార్ గారు భుజం తట్టారు. ఆ చెయ్యి బరువు నాకిప్పటికీ గుర్తుంది. మళ్ళీ గురి చూసి కాల్చడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2019లో గ్రీన్ కార్డ్ వచ్చాక, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటూ ఈ .22 పిస్టల్ కొన్నాను.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు ముందు ఈ విషయం తెలుసుకోవాలి. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, నాన్-ఇమిగ్రెంట్ వీసా (హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా) మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. "షూటింగ్ రేంజ్‌లో తుపాకీ అద్దెకిస్తారు కదా అన్నా" అని ఆఫీసులో ఒక తమ్ముడు అడిగాడు. లాయర్‌ని కనుక్కోకుండా ఆ పని చెయ్యొద్దన్నాను. గ్రీన్ కార్డ్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాడు ఒక్క ఆదివారం సరదా కోసం దాన్ని పోగొట్టుకోకూడదు.

.22 ఎందుకంటే మొదటి కారణం ఖర్చు. నేను వాడే తూటా ఒక్కోటి 8 సెంట్లు. అంతకంటే పెద్దదైన 9 ఎంఎం తూటా అయితే 25 సెంట్ల దాకా అవుతుంది. రెండో కారణం నాకు ఇంకా ముఖ్యం. పెద్ద పిస్టల్‌తో మొదలుపెట్టినవాళ్ళకి ఆ చప్పుడుకీ, వెనక్కి తన్నడానికీ భయపడి ట్రిగ్గర్ నొక్కేముందే చెయ్యి కిందకి గుంజడం అలవాటైపోతుంది. అది వదిలించుకోవడం చాలా కష్టం. .22 దాదాపు తన్నదు కాబట్టి తప్పు ఎక్కడుందో కాగితమే చెప్తుంది. చిన్నపిల్లల తుపాకీ అని దీన్ని తీసిపారేసేవాళ్ళకి ఒక మాట. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వెండి పతకం గెలిచింది. అక్కడ కాల్చేదీ .22 తూటానే.

షాపులో నాలుగు పిస్టళ్ళు చేతిలోకి తీసుకుని చూశాను: బ్రౌనింగ్ బక్ మార్క్, స్మిత్ అండ్ వెస్సన్ విక్టరీ, రూగర్ మార్క్ 4, రూగర్ రాంగ్లర్. రాంగ్లర్ అన్నిటికంటే చవక, అప్పట్లో 250 డాలర్ల లోపే. కానీ అది ఆరు తూటాల రివాల్వర్, ప్రతిసారీ సుత్తి వెనక్కి లాగి కాల్చాలి. మిగతా మూడూ గురికి ఒకదానికొకటి తీసిపోవు, నాలాంటి వాడికి వాటి మధ్య తేడా తెలియదు. నేను తేల్చుకున్నది శుభ్రం చేసే తీరు చూసి. బక్ మార్క్‌ని విప్పాలంటే పైన మరలు తీయాలి. విక్టరీకి ఒక్క మర. మార్క్ 4కి వెనక ఒక బటన్ ఉంటుంది. తూటాలు నింపే మ్యాగజైన్ తీసి, లోపల తూటా లేదని కళ్ళతో చూసి, పేలకుండా ఆపే సేఫ్టీ మీట పెట్టి ఆ బటన్ నొక్కితే పై భాగం పైకి లేచి ఊడి వస్తుంది. పాత మార్క్ 3 ఉన్న మిత్రుడు దాన్ని తిరిగి బిగించడానికి గంట కూర్చోవడం నేను చూశాను. .22 మురికి తుపాకీ. సీసం, మైనం, మసి అన్నీ లోపలే పేరుకుంటాయి. విప్పడం కష్టమైతే శుభ్రం చేయడం వాయిదా పడుతుంది, శుభ్రం చేయకపోతే ఇరుక్కుంటుంది. నా దృష్టిలో నమ్మకమైన పిస్టల్ అంటే సులువుగా విప్పగలిగిన పిస్టల్. టార్గెట్ మోడల్, ఐదున్నర అంగుళాల మందపాటి బ్యారెల్, బరువు దాదాపు కిలో. పన్నుతో కలిపి 450 డాలర్లు దాటింది.

ఇక తూటాల సంగతి. అసలు నేర్చుకున్నదంతా ఇక్కడే.

పెద్ద తూటాలకి అడుగున మధ్యలో ప్రైమర్ అనే చిన్న బిళ్ళ విడిగా ఉంటుంది. .22కి అది ఉండదు. నిప్పు పుట్టించే మందు అడుగు అంచు చుట్టూ ఉన్న సన్నటి మడతలో ఉంటుంది, పిన్ ఆ అంచునే కొడుతుంది. పిన్ తగిలిన చోట మందు సరిగ్గా పరుచుకోకపోతే "టక్" మని ఊరుకుంటుంది. అది పిస్టల్ తప్పు కాదు. మొదటి ఏడాది నాకిది తెలియక ఊరికే టెన్షన్ పడ్డాను. తర్వాత ఒక నోట్‌బుక్ పెట్టి లెక్క రాశాను. డబ్బాలో వదులుగా పోసి అమ్మే చవక రకం 500 కాలిస్తే 14 పేలలేదు. యాభై చొప్పున పెట్టెల్లో వచ్చే స్టాండర్డ్ వెలాసిటీ రకం 500లో రెండే పేలలేదు. ధర తేడా తూటాకి రెండు సెంట్లు.

స్టాండర్డ్ వెలాసిటీ అంటే 40 గ్రెయిన్ల (దాదాపు రెండున్నర గ్రాముల) సీసపు గుండు సెకనుకు దాదాపు 1,070 అడుగుల వేగంతో పోతుంది. శబ్దం కంటే కొంచెం తక్కువ. కాగితానికి చిల్లు పెట్టడానికి అంతకంటే వేగం అక్కర్లేదు. బల్ల మీద చెయ్యి ఆనించి 25 గజాల్లో కాలిస్తే నాకు ఐదూ ఒక నిమ్మకాయంత చోటులో పడతాయి. చవక రకంతో ఆ చోటు బత్తాయంత అవుతుంది.

పేలనప్పుడు ఏం చేయాలో మొదటి రోజే నేర్చుకోండి. పిస్టల్ ముందుకే పెట్టి ముప్పై సెకన్లు ఆగి, అప్పుడు తీయాలి. ఇంకా ప్రమాదమైనది సగం పేలేది. 2021లో ఒకసారి ఎప్పుడూ వచ్చే "ఠప్" బదులు "బుస్" మంది. కాగితం మీద చిల్లు లేదు. నా వేలు అలవాటుగా మళ్ళీ ట్రిగ్గర్ మీదకి పోతుంటే, ఎందుకో ఆగాను. ఖాళీ చేసి రేంజ్ ఆఫీసర్‌కి చూపిస్తే, గుండు బ్యారెల్ మధ్యలోనే ఉండిపోయింది. ఆయన ఇత్తడి కడ్డీతో మెల్లగా నెట్టి తీశారు. దాని వెనక ఇంకొకటి కాల్చి ఉంటే బ్యారెల్ ఉబ్బిపోయేది, నాకేమయ్యేదో చెప్పలేను. చప్పుడు తేడాగా ఉంటే ఆపండి. దీన్ని నేను బతిమాలి చెప్తున్నాను.

ఆ సగం పేలిన తూటా, కరువు రోజుల్లో దొరికిందల్లా కొన్నప్పటిది. 2020లో దేశమంతా .22 మాయమైంది, షాపులో మనిషికి ఒకటో రెండో పెట్టెలు. అప్పట్నించి ఇంట్లో వెయ్యి తగ్గకుండా చూసుకుంటున్నాను.

ఆరేళ్ళలో విరిగిన భాగం ఒక్కటీ లేదు. ప్రతి 400 తూటాలకి తూటా కూర్చునే గదీ, దాన్ని వెనకనుంచి మూసే బోల్టు ముఖం తుడుస్తాను. ట్రిగ్గర్ పోటీ పిస్టళ్ళంత తేలిక కాదు. మార్చమని చాలామంది అన్నారు, నేను మార్చలేదు. మెల్లగా నొక్కడం దానివల్లే వచ్చిందని నా నమ్మకం. మ్యాగజైన్ లేకుండా పేలదు, ఇంట్లో పిల్లలున్నవాడిగా నాకది నచ్చింది. నలభై ఐదు దాటాక చత్వారం వచ్చి, గురి చూసే ముందు సైటు మసకబారింది. పైన మర కన్నాలు ఉన్నాయి కాబట్టి పట్టీ బిగించి, గురి చోట ఎర్రచుక్క చూపే రెడ్ డాట్ సైటు పెట్టుకున్నాను. రెండు వారాలు అలవాటు పడాలి, అంతే.

"ఇంట్లో పిల్లలుండగా ఇదేంటండీ?" అని మా ఆవిడ మొదట్లో గట్టిగానే అడిగింది. న్యాయమైన ప్రశ్న. అందుకే పిస్టల్ కంటే ముందు ఇనప పెట్టె వచ్చింది, గోడకి బోల్టులతో బిగించాం. తూటాలు వేరే గదిలో, వేరే తాళంలో. సీసం గురించి కూడా చెప్పాలి. రేంజ్ నుంచి రాగానే చల్లటి నీళ్ళతో, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంటాను. బట్టలు విడిగా ఉతుకుతాం, బూట్లు గ్యారేజ్‌లోనే. స్నానం చేసేదాకా పిల్లల్ని ఎత్తుకోను. పోయిన వేసవిలో పెద్దమ్మాయిని తీసుకెళ్ళాను. మ్యాగజైన్‌లో ఒక్క తూటానే పెట్టి ఇచ్చాను, గంటసేపు అలాగే ఒక్కొక్కటే. కొత్తవాళ్ళకి ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనబడలేదు.

పాతది కొనేవాళ్ళు సీరియల్ నంబర్ చూడండి. 2017 జూన్ 1కి ముందు తయారైన మార్క్ 4 పిస్టళ్ళని రూగర్ వెనక్కి పిలిచింది. సేఫ్టీ మీట సగంలో ఉండగా ట్రిగ్గర్ నొక్కితే, తర్వాత మీట కదిపినప్పుడు పేలే అవకాశం ఉందని కంపెనీయే ప్రకటించింది. నంబర్ 401తో గానీ డబ్ల్యూబీఆర్‌తో గానీ మొదలైతే, మరమ్మతు అయిందో లేదో కంపెనీ వెబ్‌సైట్‌లో సరిచూసుకున్నాకే డబ్బులివ్వండి. తర్వాత అమ్మేవాడిని ఒకసారి విప్పి చూపించమనండి. ఐదు నిమిషాల పని. లోపలి మసి చూస్తే ఎలా వాడాడో తెలిసిపోతుంది.