ఫ్లేవర్డ్ రమ్మా, ఇంట్లో తొక్క నానబెట్టిన రమ్మా: ఏది మేలు?

అనంతపురంలో మా జట్టు ఆదివారం సాయంత్రాలు మిద్దె మీద కూచుంటుంది. శనివారం ముట్టనివాళ్లు ఇద్దరున్నారు కాబట్టి ఆదివారమే. కలిపే పని ఎప్పుడూ నాదే. అందుకే షాపు ముందు నిలబడి ఎవరు ఫోన్ చేసినా అడిగేది ఒకటే: "అన్నా, నిమ్మకాయ ఫ్లేవర్‌ది తెద్దామా, మామూలు వైట్ రమ్మే తెద్దామా?" 2019 నుంచి ఐదేళ్లు ప్రభుత్వ షాపులో ఏది ఉంటే అదే కాబట్టి ఈ ప్రశ్నకు చోటే లేకపోయింది. 2024 అక్టోబరులో షాపులు మళ్లీ ప్రైవేటు చేతికి వెళ్లాక బ్రాండ్లు పెరిగాయి, నాకు ఫోన్లూ పెరిగాయి.

మొదటి గుక్కను బట్టి తీర్పు చెప్పమంటే ఏదైనా మేలే. నిండా ఐస్ వేసి, చల్లటి సోడా పోసి, పైన పుదీనా రెమ్మ పెట్టిస్తే మా జట్టులో బాగాలేదన్నవాడు ఇంతవరకు లేడు. నేను చూసేది సగం గ్లాసు ఖాళీ అయ్యాక ఎలా ఉందని. మా మిద్దె మీద పరిచినవి కడప బండలు. మే నెలలో రాత్రి ఎనిమిదింటికి కూడా కింద నుంచి సెగ కొడుతుంటాయి. ఫ్రిజ్ ట్రేలోని చిన్న ఐస్ ముక్కలు చెనిక్కాయలు నాలుగు ఒలిచేలోపు కరిగిపోతాయి. ఏసీ బార్‌లో కూచునేవాడికి ఇది పట్టదు. మనకు మాత్రం గ్లాసులో ఆఖరి సగమే అసలు పరీక్ష.

ఒకసారి పక్కపక్కనే పెట్టి చూశాం. ఒక గ్లాసులో షాపు నిమ్మ ఫ్లేవర్ రమ్ము 45 మి.లీ., ఇంకోదాంట్లో నేను చీనీ (బత్తాయి) తొక్క నానబెట్టిన వైట్ రమ్ము 45 మి.లీ. రెండింటికీ 20 మి.లీ. నిమ్మరసం, 15 మి.లీ. చక్కెర పాకం, లెక్కపెట్టి ఐస్ ముక్కలు, ఒకే సోడా. మొదట్లో షాపుదే గెలిచింది, అందులో అనుమానం లేదు. దాని వాసన గ్లాసు ఎత్తకముందే ముక్కుకు తగిలింది. ఇరవై నిమిషాలయ్యాక అదే గ్లాసు నిమ్మకాయ బిళ్లలు నీళ్లలో కరిగించినట్టు తయారైంది. రెండోది పలచబడింది గానీ తొక్క గిల్లినప్పుడు వచ్చే వాసన ఇంకా ఉంది.

దీనికి కారణం మంత్రం కాదు. చల్లగా ఉన్నప్పుడు నాలుకకు తీపి తక్కువ తెలుస్తుంది, చల్లదనం తగ్గే కొద్దీ బయటపడుతుంది. ఫ్లేవర్డ్ సీసాల్లో కొన్నిటికి ముందే తీపి కలిపి ఉంటుంది. దానిమీద మనం చక్కెర వేస్తాం, ఇంకొందరైతే సోడా బదులు స్ప్రైట్ పోస్తారు. మొదట దాక్కున్న తీపంతా చివర్లో ఒక్కసారిగా మీదపడుతుంది. ఇక తొక్కలో ఉండేది నూనె. అది ఆల్కహాల్‌లో కరుగుతుంది, నీళ్లలో కరగదు. ఐస్ కరిగి గాఢత పడిపోయే కొద్దీ ఆ నూనె సన్నటి బొట్లుగా విడిపోతుంది. తొక్క బాగా దిగిన రమ్ములో సోడా పోస్తే కొంచెం మసకబారేది అందుకే. అలా విడివడిన నూనె వాసనగా పైకి లేస్తుంది. కాబట్టి పలచబడటం దీనికి నష్టం కాదు.

నిమ్మ ఫ్లేవర్‌తో ఇంకో చిక్కుంది. పేరు చూసి, "ఇందులోనే నిమ్మకాయ ఉంది కదా, మళ్లీ ఎందుకు?" అని రసం పిండటం మానేస్తారు. సీసాలో ఉన్నది నిమ్మ వాసన, పులుపు కాదు. పులుపు లేని మొజీటో (రమ్ము, నిమ్మరసం, చక్కెర, పుదీనా, సోడా కలిపేది) అంటే పుదీనా వేసిన చక్కెర నీళ్లే. ఎటూ కాయ కోయక తప్పనప్పుడు, ఆ కాయ తొక్కలో ఉన్న వాసనకే విడిగా డబ్బు కట్టడం ఎందుకని నా ప్రశ్న. మార్కెట్ యార్డులో చీనీ గుట్టలు పోసే ఊళ్లో ఉంటూ!

చేసే పద్ధతి ఇంతే. తాజా చీనీ కాయలు రెండు కడిగి, పీలర్‌తో పైపచ్చ మాత్రం తీయాలి. కింద తెల్లటి పొర వస్తే చేదు. ఆ తొక్కను 375 మి.లీ. వైట్ రమ్ములో, గాజు సీసాలో, మునిగేలా వేసి మూత బిగించి రెండు రోజులు నీడలో ఉంచాలి. రెండో రోజు చెంచాడు రుచి చూసి, చాలనిపిస్తే వడకట్టేయాలి. వారం ఉంచితే ఇంకా బాగుంటుందని అనుకోవద్దు, చేదు దిగుతుంది. మన నిమ్మకాయ తొక్క మరీ పలచన, పచ్చ తీయబోతే తెలుపూ వస్తుంది. అందుకే వాసనకు చీనీ, పులుపుకు నిమ్మ. చీనీ రసంలో పులుపు తక్కువ, పైగా పిండి పక్కన పెడితే చేదెక్కుతుంది. తొక్క తీసిన కాయలు పిల్లలకు ఇచ్చేయండి.

ఇంట్లో నానబెట్టడం అన్నిటికీ పనికొస్తుందనుకునేరు. పచ్చిమిర్చి రెండు చీల్చి రమ్ములో వేసి రాత్రంతా మరిచిపోయాను ఒకసారి. మిర్చి కారం ఆల్కహాల్‌లో చాలా తొందరగా దిగుతుంది, గంటా రెండు గంటలే ఎక్కువ. పొద్దున ఆ సీసా మూత తీస్తేనే కళ్లు మండాయి. పారబోయలేక నెలపాటు ఒక్కో చెంచా చొప్పున వేరే రమ్ములో కలుపుకున్నాం. మామిడి ముక్కలు కూడా నానబెట్టి చూశాను. మంచి బేనీషా పండే, రంగు గోధుమరంగుకు తిరిగింది, వాసన రాలేదు. గుజ్జు నేరుగా వేస్తే గ్లాసు బరువెక్కి లస్సీలాగా అవుతుంది. కాబట్టి మామిడి-మిర్చి రమ్ము విషయంలో మాత్రం నేను షాపు సీసా పక్షమే. సీజన్ అయిపోయాక, దసరా రోజుల్లో, నిమ్మరసం కాస్త ఎక్కువ పిండి, గ్లాసు అంచుకు ఉప్పూ కారం అద్దితే దానికి పోటీ లేదు. చక్కెర వేయకండి, సోడా చాలు.

కొబ్బరి రమ్ము కొనేవాళ్లు ముందు లేబుల్ మీద అంకె చూడాలి. మాలిబులో ఆల్కహాల్ 21 శాతం. మన మామూలు రమ్ముల్లో 42.8. అంటే 60 మి.లీ. పోస్తే ఒకదాంట్లో దాదాపు 13 మి.లీ. ఆల్కహాల్, ఇంకోదాంట్లో దాదాపు 26. రెసిపీలో రమ్ము అన్నచోట దీన్నే పోస్తే సగం బలం, రెట్టింపు తీపి. వైట్ రమ్ము సగం, కొబ్బరి రమ్ము సగం కలిపి, పైనాపిల్ రసంతో ఇస్తేనే నిలబడుతుంది. ఇంట్లో మిక్సీ ఉండి, కొబ్బరి పాలు తీసే ఓపిక ఉంటే పీన్యా కొలాడాకు (రమ్ము, కొబ్బరి, పైనాపిల్ కలిపి తిప్పేది) ఆ సీసా కూడా అక్కర్లేదు. తిప్పిన వెంటనే తాగేయాలి, ఉంచితే పాలు విడిపోతాయి. బలం తక్కువ కదా అని ఇంకో రెండు ఎక్కువ తాగడం వేరే సంగతి. తీపి వల్ల ఎన్ని పెగ్గులయ్యాయో తెలియదు, బండి మీద వచ్చినవాడికి నేనైతే ఇవ్వను.

స్పైస్డ్ రమ్ము గురించి అడిగితే నా దగ్గర కాస్త పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటాను. ఆ సీసాల్లో ముందు తెలిసేది వెనిలా, వెనక చెక్క, లవంగం. కోలాలో పోస్తే బాగుంటుంది. కానీ వేసవిలో సందుకో బండి మీద నన్నారి షర్బత్ అమ్మే ఊళ్లలో ఉన్నాం మనం. నన్నారి వేరుకు ఆ వాసన తెచ్చే పదార్థానికీ, వెనిలాకు వాసననిచ్చే వెనిలిన్‌కూ అణుసూత్రం ఒకటే, అమరిక మాత్రం వేరు. రెండూ దగ్గర చుట్టాలన్న మాట. 1954 నుంచి ఉన్న ఓల్డ్ మంక్‌లో వెనిలా ఛాయ ముందే ఉంది. దాన్ని 45 మి.లీ. పోసి, నన్నారి పాకం 20 మి.లీ., అర నిమ్మకాయ, గోలీ సోడా, చెంచాడు నానిన సబ్జా వేసి చూడండి. నన్నారిలోనే చక్కెర ఉంది, వేరేగా వద్దు. ఇక్కడ కూడా ఆఖరి సగం పరీక్షలో స్పైస్డ్ రమ్ము కోలా ఓడింది. కోలాలో గ్యాస్ పోయాక మిగిలింది వట్టి తీపి. నన్నారి గ్లాసు షర్బత్‌లా మారింది, అదేమీ శిక్ష కాదు. లవంగం, చెక్క ఇంట్లోనే రమ్ములో నానబెడతామనేవాళ్లు సీసాకు ఒక్క లవంగంతో ఆగండి. రెండు వేస్తే పంటి నొప్పికి పెట్టుకునే నూనె గుర్తొస్తుంది.

ఆరెంజ్, ఆపిల్ ఫ్లేవర్లు: ఎవరైనా తెస్తే సోడాతో తాగండి, వెళ్లి కొనక్కర్లేదు.

మరి నిమ్మ ఫ్లేవర్ సీసా ఎవరికి? ఏడాదికి రెండుసార్లు చుట్టాలొస్తే తప్ప తెరవనివాళ్లకు, పది మంది ఒకేసారి వస్తే ఒక్కొక్కరికీ కొలిచి కలిపే తీరిక లేనివాళ్లకు, గ్లాసు పది నిమిషాల్లో ముగించేవాళ్లకు అది హాయి. మా పక్కింటాయన ఈ మూడూ. ఆయనకు నేను అదే చెప్పాను. ఐస్ మాత్రం ట్రేలో కాకుండా స్టీలు గిన్నెలో గడ్డ కట్టించి పెద్ద ముక్కలుగా వేసుకోమన్నాను, మెల్లగా కరుగుతుంది.

నా ఫ్రిజ్ పైన ప్రస్తుతం ఉన్నవి మూడు: చీనీ తొక్క సీసా, దసరా కోసం దాచిన మామిడి-మిర్చి, ఎవరో బహుమతిగా ఇచ్చిన కొబ్బరి రమ్ము. మొదటిది ఈ వారం మళ్లీ నింపాలి. మూడోది పోయిన సంవత్సరం నుంచి సగం దగ్గరే ఆగి ఉంది.