ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది నుంచి వైల్ కుర్చీల దాకా: డిజైన్ ఊళ్లలో ఎక్కడ ఎంతసేపు ఆగాలి

జర్మనీలో డిజైన్ చూసొద్దామనుకునేవాళ్లు ముందుగా రాసుకునే పేరు వైల్ ఆమ్ రైన్. పేరుమోసిన ఆర్కిటెక్టుల భవనాలన్నీ విట్రా అనే ఫర్నిచర్ కంపెనీ ఆవరణలో ఒకేచోట దొరుకుతాయి, ఫొటోలూ బాగా వస్తాయి. అయితే ఒక వస్తువు వాడేవాళ్ల కోసం ఎలా తయారవుతుందో, లెక్క ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే ఆ ఊరిని చివరికి నెట్టి ఫ్రాంక్‌ఫర్ట్, డెస్సావ్, ఉల్మ్ వరసలో వెళ్లడం మేలు. అన్నిటికీ కలిపి వారం సరిపోతుంది. చాలా మ్యూజియాలకు సోమవారం సెలవు, కాబట్టి దూరప్రయాణాన్ని ఆ రోజుకు పెట్టుకోండి.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో అసలు చూడాల్సింది ఆరున్నర చదరపు మీటర్లు కూడా లేని ఒక వంటగది. యూ1 రైలెక్కి రోమర్‌స్టాట్ స్టేషన్‌లో దిగితే ఎర్న్‌స్ట్ మే హౌస్ అనే మ్యూజియానికి నడిచి వెళ్లొచ్చు. రోజూ తెరిచి ఉండదు, తెరిచే వేళలూ తక్కువే, ముందే చూసుకోవాలి. 1926లో ఆర్కిటెక్ట్ మార్గరెటె షూటె-లిహోట్స్కీ రూపొందించిన ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్‌ను ఇక్కడ ఇంటి లోపలే, దాని చోటులోనే చూడొచ్చు. గది వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. నగరం కట్టించిన కొత్త ఇళ్లలో ఇలాంటివి దాదాపు 10,000 బిగించారు.

లోపలికి వెళ్లగానే అలమరలు చూడటం మొదలుపెట్టకండి. ముందు ఒక పని ఊహించుకోండి: కూరగాయలు తరగడం, వండటం, వడ్డించడం, గిన్నెలు కడిగి సర్దడం. ఆ వరసలో కళ్లు కదిలిస్తే ప్రతి వస్తువు ఎందుకు అక్కడ ఉందో అర్థమవుతుంది. తరిగే బల్ల కిటికీ కింద, వెలుతురులో ఉంది. ఎత్తు మార్చుకునే తిరిగే స్టూలు వల్ల కూర్చునే పని చేసుకోవచ్చు. తొక్కలు నెట్టేయడానికి బల్లలోనే చెత్త సొరుగు ఉంది. దీపం పైకప్పు పట్టాల మీద జరుగుతుంది. పిండి సొరుగులకు ఓక్ చెక్క వాడింది పురుగు పట్టదని, తరిగే బల్లకు బీచ్ చెక్క వాడింది కత్తి గాట్లకు, మరకలకు తట్టుకుంటుందని. పప్పు, బియ్యం, పంచదార లాంటివాటికి అల్యూమినియం డబ్బాలు వరసగా ఉంటాయి. వాటికి పిడి, ఒంపడానికి మూతి ఉండటంతో మళ్లీ గరిటె అక్కర్లేదు. లిహోట్స్కీ ఇదంతా ఊహించి గీసింది కాదు. పనికి పట్టే సమయాన్ని, వేసే అడుగులను కొలిచిన అధ్యయనాలు చదివింది, రైళ్లలో భోజనాల పెట్టె వంటగదిని పరిశీలించింది.

అంత కొలిచినా తప్పు జరిగింది. లెక్కలన్నీ ఒక్క మనిషికే వేశారు. ఇద్దరు కలిసి వంట చేయాలంటే ఒకరినొకరు రాసుకుంటూ తిరగాలి. డబ్బాలు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్నాయి. వాడేవారు ఎవరన్న ప్రశ్నకు ‘గృహిణి’ అని ఒకే జవాబు రాసుకుంటే కొలతలు ఎంత సరిగ్గా ఉన్నా ఇలాగే అవుతుంది. మ్యూజియంలో ఈ మాట గోడ మీద రాసి ఉండకపోవచ్చు, గదిలో ఇంకొకరు నిలబడితే మాత్రం తెలిసిపోతుంది. ఊళ్లో బస గురించి ఒక్కటే హెచ్చరిక: వాణిజ్య ప్రదర్శనల వారాల్లో హోటల్ ధరలు అమాంతం పెరుగుతాయి. తేదీలు అటూ ఇటూ జరపగలిగితే జరపండి.

డెస్సావ్‌కి లైప్‌జిగ్‌లో రైలు మారాలి. ఇక్కడ రెండు రాత్రులు ఉండాలి, కుదిరితే ఒకటి బౌహౌస్ అనే పేరుమోసిన డిజైన్ పాఠశాల భవనంలోనే. 1926లో తెరిచిన ఈ భవనంలో విద్యార్థులు ఉండే స్టూడియో విభాగాన్ని ప్రెల్లర్‌హౌస్ అంటారు. 28 గదులు, చిన్న బాల్కనీలు. వాటిలో కొన్నింటిని అతిథులకు ఇస్తారు, ఖాళీ ఉందా అని బౌహౌస్ ఫౌండేషన్‌ను చాలా ముందుగానే అడగాలి. గదిలో వాష్‌బేసిన్ ఉంటుంది, స్నానాల గది, టాయిలెట్ అంతస్తు మొత్తానికీ ఉమ్మడి. హోటల్ సేవలు ఆశించి వస్తే నిరాశే. రాత్రి ఆ కారిడార్‌లో నడిచి, పొద్దున్న ఆ బాల్కనీలో నిలబడాలనుకునేవాళ్లకైతే ఊళ్లో దీనికి సాటి గది లేదు. మిగతావాళ్లు స్టేషన్ దగ్గర మామూలు హోటల్ తీసుకుని పగలు వచ్చి చూస్తే చాలు.

భవనంలో తప్పక గమనించాల్సింది వర్క్‌షాప్ విభాగపు గాజు గోడ. ఒక చక్రం తిప్పితే గొలుసులు, కడ్డీల మీదుగా వరసలోని కిటికీలన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి, చాలా ముచ్చటైన ఏర్పాటు. గోడ మాత్రం ఎండాకాలంలో లోపలివాళ్లను ఉడికించింది, చలికాలంలో గడ్డకట్టించింది. వెలుతురు గురించి ఆలోచించినంత వేడి గురించి ఆలోచించలేదు.

టూరిస్టులు ఎక్కువగా వదిలేసే చోటు డెస్సావ్‌లోనే ఉన్న ట్యోర్టెన్ పేట. ట్రామ్ 1లో దక్షిణం వైపు వెళ్లి డమాష్కెస్ట్రాసె స్టాపులో దిగండి. బౌహౌస్ తొలి డైరెక్టర్ గ్రోపియస్ 1926 నుంచి 1928 మధ్య కట్టించిన 314 వరుస ఇళ్లు ఇక్కడున్నాయి. దూలాలు, దిమ్మెలు స్థలంలోనే పోతపోసి, పనిని ఫ్యాక్టరీలోలా దశలుగా విడగొట్టి కట్టారు. ఇప్పుడు వీధి వెంట నడిస్తే ఒక ఇంటి కిటికీకీ పక్కింటి కిటికీకీ పోలిక ఉండదు. తలుపులు మార్చారు, గోడలు మార్చారు, కిటికీలు మార్చారు. వారసత్వ కట్టడాల ప్రేమికులకు ఇది బాధ. డిజైనర్‌కి మాత్రం తొంభై ఏళ్లకు పైగా సాగిన వాడకపు పరీక్ష ఫలితం వీధి పొడవునా ఉచితంగా దొరికినట్టే. ఏది మార్చారో, ఏది అలాగే ఉంచారో రెండు వరసలుగా రాసుకోండి.

ఆ తర్వాత కొద్ది దూరంలోనే ఉన్న బాల్కనీ ఇళ్లకు వెళ్లండి. గ్రోపియస్ తర్వాత డైరెక్టరైన హానెస్ మేయర్, విద్యార్థులతో కలిసి 1930 నాటికి పూర్తి చేసిన ఐదు భవనాలు, 90 ఫ్లాట్లు. ఒక్కోటి సుమారు 47 చదరపు మీటర్లు, మూడు గదులు. ప్రవేశమంతా ఉత్తరం వైపు బాల్కనీల గుండా పెట్టి, ఉండే గదులను దక్షిణపు ఎండకు తిప్పారు. జనం ఇప్పటికీ కాపురం ఉంటున్నారు, బయటి రూపం పెద్దగా మారలేదు. ఈ పర్యటన మొత్తంలో నా ఓటు దీనికే, ప్రచారంలో మాత్రం దీని పేరు ఎక్కడో అడుగున ఉంటుంది.

ఉల్మ్‌కి ఒక రాత్రి చాలు. ఓటల్ ఐషర్, ఇంగె షోల్, మాక్స్ బిల్ కలిసి 1953లో మొదలుపెట్టిన డిజైన్ కళాశాల 1968లో మూతపడింది. మాక్స్ బిల్ కట్టిన భవనం ఊరి పైన కూబెర్గ్ గుట్ట మీద ఉంది, దాని ఆర్కైవ్ ప్రదర్శన కూడా అక్కడే. డిజైనర్లకు గణాంకాలు, మనిషి శరీర కొలతలు, సామాజిక శాస్త్రం పాఠాలుగా చెప్పిన చోటు ఇది. ఉల్మ్ స్టూలు ముందు కాసేపు ఆగండి: మూడు పలకలు, ఒక గుండ్రటి కర్ర, అంతే. అంచులను పళ్లలా కోసి ఒకదానిలో ఒకటి దిగేసి అతికించారు. కూర్చోవచ్చు, పడుకోబెడితే తక్కువ ఎత్తు పీట, తిరగేసి కర్ర పట్టుకుంటే పుస్తకాలు మోసే బుట్ట. నిక్ రోరిష్ట్ 1959లో డిప్లొమా పనిగా చేసిన టీసీ 100 పింగాణీ సెట్ హోటళ్లు, క్యాంటీన్ల కోసమే. కప్పులు, గిన్నెలు వ్యాసం కలిసేలా ఉంటాయి, ఒకదానిపై ఒకటి నిలువుగా పేర్చుకోవచ్చు, కాబట్టి అలమరలో చోటు మిగులుతుంది. ఇక్కడ బోధించిన హాన్స్ గుగెలోట్, డీటర్ రామ్స్‌తో కలిసి చేసిన 1956 నాటి ఎస్‌కే 4 రేడియో-రికార్డ్ ప్లేయర్ కథ కూడా గుర్తుంచుకోదగ్గదే. రేకు మూత శబ్దానికి అదరడంతో పారదర్శకమైన ప్లాస్టిక్ మూత పెట్టారు. తర్వాత అందరూ అనుకరించిన ఆ రూపం ఒక లోపాన్ని సరిదిద్దబోతే వచ్చింది.

వైల్‌లో విట్రా ఆవరణకు ఒక పూట ఇవ్వండి. పక్కనే ఉన్న స్విట్జర్లాండ్ నగరం బాసెల్ నుంచి 55 నంబరు బస్సు గేటు దాకా వస్తుంది. బాసెల్‌లో బస ఖరీదు, వైల్‌లోనే ఉండటం నయం. జాహా హదీద్ 1993లో కట్టిన అగ్నిమాపక కేంద్రం చూపులకు అద్భుతం, కానీ కొన్నాళ్లకే ఆ పని ఊరి అగ్నిమాపక దళానికి వెళ్లిపోయింది, ఇప్పుడది ప్రదర్శనల హాలు. కుర్చీల ప్రదర్శన భవనమైన షౌడెపోలో వందల కుర్చీలు వరసగా ఉన్నా కూర్చోనివ్వరు. కూర్చుని చూడాలంటే కంపెనీ షోరూమ్ అయిన విట్రాహౌస్‌కి వెళ్లాలి. ఒకే ముక్కగా పోతపోసిన ప్లాస్టిక్ ప్యాంటన్ కుర్చీ మీద కూర్చున్నప్పుడు దాని వెనకున్న అవస్థ తలుచుకోండి: 1967లో ఫైబర్‌గ్లాస్‌తో మొదలైంది, 1971లో చవకైన పాలిస్టైరీన్ తరహా ప్లాస్టిక్‌కి మారింది, అది కాలక్రమంలో విరగడంతో 1979లో ఉత్పత్తి ఆగింది. పాలీప్రొపిలీన్‌తో నేటి రూపం వచ్చేసరికి 1999. గీసిన వంపు అదే, మారిందల్లా పదార్థమే.

ప్రాంతీయ రైళ్లు, ట్రాములు, బస్సులన్నిటికీ చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్ 2025లో నెలకు 58 యూరోలు ఉండేది. వేగంగా వెళ్లే ఐసీఈ రైళ్లకు చెల్లదు కాబట్టి ఫ్రాంక్‌ఫర్ట్–లైప్‌జిగ్, డెస్సావ్–ఉల్మ్ దూరాలకు విడిగా ముందే కొనుక్కోవాలి. ఎక్కడ ఎక్కినా ఏ జోన్ అని ఆలోచించనక్కర్లేదు, అది మంచి డిజైన్. దాని చందా పద్ధతి మాత్రం మంచి డిజైన్ కాదు: నెలనెలా దానంతటదే కొనసాగుతుంది, ఆ నెలాఖరుకు ఆపాలంటే 10వ తేదీలోగా రద్దు చేయాలి. నెల మధ్యలో ప్రయాణం పెట్టుకున్నవాళ్లు కొన్న రోజే రద్దు చేసే తేదీని ఫోన్‌లో గుర్తు పెట్టుకోవాలి.