అననీయా, జక్కయ్యా? పిల్లలకు నిజం నేర్పడానికి ఏ కథ మేలు?

సండే స్కూల్లో అబద్ధం గురించి చెప్పాల్సి వస్తే టీచర్లం దాదాపు అందరం ముందు తెరిచేది బైబిల్లో అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయమే. అననీయ, సప్పీరా పొలం అమ్మారు, డబ్బులో కొంత దాచుకుని యేసు శిష్యులకు మొత్తం ఇచ్చేసినట్టు నటించారు, ఒకరి తర్వాత ఒకరు అక్కడికక్కడే పడి చనిపోయారు. ఫ్లాష్ కార్డులు పట్టుకుని చెప్తుంటే పిల్లలు కిక్కురుమనరు. నేనూ ఏళ్ల తరబడి అదే చెప్పాను, బాగా చెప్తానని పేరు కూడా ఉంది.

ఒక ఆదివారం మా పెద్దాడికి కానుక వేయమని ఇరవై రూపాయలిచ్చాను. అప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. పది సంచిలో వేసి, మిగతా పదితో చర్చి బయట పుల్ల ఐస్ కొనుక్కున్నాడట. ఆ సంగతి నాకు తెలీదు, నా ఖర్మ కొద్దీ ఆ రోజు క్లాసులో నేను చెప్పింది అననీయ కథ! రాత్రి వాడు లైటు ఆర్పనివ్వలేదు. గుండె మీద చెయ్యి వేసుకుని కొట్టుకుంటోందో లేదో చూసుకుంటూ పడుకున్నాడు. ఏంట్రా అంటే "కడుపు నొప్పి మమ్మీ" అన్నాడు. అంటే అబద్ధం తప్పని విన్న రోజే ఇంకో అబద్ధం, అదీ భయంతో. పొద్దున్నే లేచి చూసుకుంటే బతికే ఉన్నాడు, ఇక ఆ కథ మీద వాడికి నమ్మకం ఏం మిగులుతుంది?

ఇది మా ఇంటి ముచ్చటే కాదు. పశ్చిమ ఆఫ్రికాలో కొట్టే స్కూలు పిల్లల్నీ కొట్టని స్కూలు పిల్లల్నీ పోల్చి చూసిన పరిశోధన ఒకటి 2011లో వచ్చింది. కొట్టే స్కూలు పిల్లలే ఎక్కువ అబద్ధాలాడారు, దొరక్కుండా ఆడటంలోనూ వాళ్లే ముందున్నారు. 2014లో ఇంకో పరిశోధనలో చిన్నపిల్లలకు 'నాన్నా పులి' లాంటి కథా, ముక్కు పెరిగే పినోకియో కథా, చెర్రీ చెట్టు నరికి తండ్రి దగ్గర ఒప్పుకున్న జార్జ్ వాషింగ్టన్ కథా చెప్పి చూశారు. అబద్ధాలు తగ్గింది వాషింగ్టన్ కథ విన్నవాళ్లలోనే, ఎందుకంటే అందులో నిజం చెప్పినవాడికి మెప్పు దొరుకుతుంది. (ఆ కథ కల్పితమనే అంటారు చరిత్రకారులు, నిజం నేర్పడానికి లేని కథ కావాల్సొచ్చింది చూడండి.)

మరి కంఠత వాక్యాలూ, స్టార్లూ, చాక్లెట్లూ? "అబద్ధమాడు పెదవులు యెహోవాకు హేయములు" అని గడగడా అప్పజెప్పి స్టార్ కొట్టేసిన పాప అరచేతిలో పెన్నుతో రాసుకుని వచ్చింది. దాని గురించి ఇంతకంటే చెప్పను.

నా ఓటు జక్కయ్యకి. లూకా సువార్త 19లో ఆయన పన్నులు వసూలు చేసి డబ్బు వెనకేసినవాడు, యేసుని చూడాలని చెట్టెక్కాడు. యేసు ఆయన్ని నిలదీయలేదు, దొంగ అనలేదు, చెట్టు దిగు, ఈ రోజు మీ ఇంట్లో ఉంటానన్నాడు. ఆ తర్వాత జక్కయ్యే లేచి ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు ఇచ్చేస్తానన్నాడు. తనంతట తాను ఒప్పుకున్నవాడు అసలుకు అయిదో వంతు కలిపి ఇస్తే చాలు అంటుంది సంఖ్యాకాండము 5:7, ఈయన అక్కడితో ఆగలేదు. అయితే దీనిలోనూ ఒక చిక్కుంది, సారీ చెప్పేస్తే అయిపోతుందిలే అనుకునే గడుగ్గాయిలు ప్రతి క్లాసులో ఇద్దరైనా ఉంటారు. అందుకే చెట్టెక్కడం దగ్గర పాటా యాక్షనూ తగ్గించి నాలుగంతల దగ్గర కాసేపు ఆగాలి.

అలా ఆగిన ఆదివారం మధ్యాహ్నం మా వాడు వంటింట్లోకొచ్చి, "మమ్మీ, పదికి నాలుగంతలంటే నలభయ్యా?" అన్నాడు. అవున్రా అన్నాను. "నా దగ్గర పదిహేనే ఉన్నాయి." పుల్ల ఐస్ సంగతి అప్పుడు బయటపడింది. మిగతా ఇరవై అయిదూ వాడే వారానికి అయిదు చొప్పున కట్టాడు, నేను కలపలేదు.

అననీయ కథ తీసేయమనను, పన్నెండు దాటాక చెప్పండి, పూర్తిగా చెప్పండి. పొలం వాళ్లదే, డబ్బు ఇవ్వకపోయినా ఎవరూ అడగరు, డబ్బు దాచుకోవడం కాదు తప్పు, అబద్ధం చెప్పడం అని యేసు శిష్యుడు పేతురే చెప్తాడు అక్కడ. చాలామంది దాన్ని కానుకల ప్రసంగం చేసేస్తారు, అది నాకు నచ్చదు. పైగా ఆ పేతురు ఎవరు? చలిమంట దగ్గర యేసు ఎవరో నాకు తెలీదని ముమ్మారు బొంకి, క్షమాపణ పొందినవాడు. టీనేజి పిల్లలకు ఈ ముక్క చెప్తే తల ఎత్తి చూస్తారు.

ఇక మనం ఇంట్లో చేసేది వీటన్నిటినీ మింగేస్తుంది. ఆ వేసవిలో ఊరెళ్తూ బస్సులో కండక్టర్ చిన్నాడి వయసు అడిగితే, ఐదు నిండితే హాఫ్ టికెట్ కాబట్టి "నాలుగున్నరండీ" అన్నాను. పెద్దాడు నా కొంగు లాగి, "మమ్మీ, నాలుగంతలు కట్టాలి" అన్నాడు, బస్సంతా వినేలా. హాఫ్ టికెట్ తీసుకున్నాను.