జాగ్రత్త: ఆర్‌వీలో వాషర్ డ్రయర్ పెట్టించుకుంటున్నారా? సంతకానికి ముందు వెంట్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు అందర్నీ ఎక్కించుకుని ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో వెళ్లొద్దామని ఆర్‌వీలు (పడక, వంటిల్లు లోపలే ఉండే ప్రయాణపు బండ్లు) చూస్తున్న మనవాళ్ల కోసం ఇది. పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న ఇల్లంటే బట్టలు రోజూ పడతాయి. అందుకే డీలర్ దగ్గర మనం మొదట అడిగేవాటిలో ‘వాషర్ డ్రయర్ ఉందా’ అన్నది తప్పకుండా ఉంటుంది. ఉంది, అంతా రెడీ అంటాడు. ఆ మాట మీద సంతకం పెట్టకండి. బండిలో మిషన్ ఉండటం వేరు, అది బట్టల్లోంచి లాగిన తడి బండి దాటి బయటికి పోవడం వేరు.

మాది టెక్సస్. కొత్త ఫిఫ్త్ వీల్, అంటే పికప్ ట్రక్కుకు తగిలించి లాగే రకం బండి, తీసుకున్నాం. పై బెడ్‌రూమ్ క్లాజెట్లో వాషర్ డ్రయర్ ‘ప్రెప్’ (మిషన్ పెట్టడానికి ముందస్తు ఏర్పాట్లు) ఫ్యాక్టరీలోనే చేసేశారు, మిషన్ మేం బిగించి ఇస్తాం అన్నాడు డీలర్. ఉతకడం, ఆరబెట్టడం రెండూ ఒకే డ్రమ్ములో అయ్యే కాంబో అది. అందులోనూ తడిగాలిని గొట్టంతో బయటికి తోసే వెంటెడ్ రకం. మిషన్ ధర, బిగింపు కూలీ అన్నీ లోన్‌లో కలిపేశారు. బండి అప్పగించే రోజు మిషన్ ఆన్ చేసి, లైట్లు వెలగడం, నీళ్లు పట్టడం చూపించి ఆపేశారు. ఆరబెట్టి చూపించమంటే, దానికి గంటలు పడుతుంది, మీకు ఆలస్యమవుతుంది అన్నారు.

ఉతకడం బ్రహ్మాండంగా ఉతికేది. ఆరడమే ఆరేది కాదు. తువ్వాళ్లు రెండోసారి తిప్పినా చేతికి చెమ్మ తగిలేది. సర్వీస్ వాళ్లకు ఫోన్ చేస్తే కాంబోలు అంతే, సగం లోడ్ వేయండి, కాస్త ఓపిక పట్టండి అని చెప్పారు. చిక్కేమిటంటే, అందులో నిజం ఉంది. కాంబోలో ఉతికినన్ని బట్టలు ఒకేసారి ఆరవు, సగానికి సగం తగ్గించాల్సిందే. ఆ సగానికీ రెండు మూడు గంటలు పట్టడం మామూలే. ఈ నిజం చాటున అసలు లోపం హాయిగా దాక్కుంది.

ముందు పసిగట్టింది మా అత్తయ్య. పై బెడ్‌రూమ్ ఆవిడకూ మామయ్యకూ ఇచ్చాం. ‘అమ్మాయ్, ఈ బీరువాలో ముసురు పట్టినప్పటి వాసన వస్తోందమ్మా, చీరలు బయట పెట్టేస్తున్నాను’ అన్నారు. వెళ్లి చూస్తే క్లాజెట్ నేల కాలు పెట్టినచోట మెత్తగా కిందికి దిగుతోంది.

డీలర్‌ని కాకుండా బయటి మొబైల్ టెక్నీషియన్‌ను పిలిపించాం. ఆయన మిషన్ జోలికే పోలేదు. ముందు బండి బయటికి వెళ్లి, గోడకున్న తెల్ల ప్లాస్టిక్ వెంట్ మూత స్క్రూలు నాలుగూ విప్పాడు. మూత ఊడి చేతికొచ్చింది. వెనక కన్నం లేదు. నున్నటి ఫైబర్‌గ్లాస్ గోడ, స్క్రూలు దిగిన నాలుగు చుక్కలు, చుట్టూ సీలెంట్ గీత, అంతే. మూతకు రెక్కలు కూడా ఉన్నాయి, దూరం నుంచి చూసినవాడెవడైనా వెంట్ ఉందనే అనుకుంటాడు. తర్వాత లోపల మిషన్‌ని ముందుకు లాగారు. నాలుగంగుళాల గొట్టం క్లాజెట్ వెనక పలక దాకా వచ్చి, అక్కడే నోరు తెరుచుకుని ఆగిపోయింది. ఎదురుగా ప్లై మీద బూడిదరంగు లింట్ (బట్టల నూగు) తడిసి అట్టకట్టింది. వేలితో గీకితే పొరలు పొరలుగా లేచింది. కింద ప్లై నల్లబడి, ఉబ్బి, పొరలు విడిపోయి ఉంది.

వెంటెడ్ డ్రయర్ చేసే పని సులువైనదే. గదిలోని గాలిని లాగి, వేడిచేసి, బట్టల మధ్య తిప్పి, తడితో సహా బయటికి తోస్తుంది. పిండిన తర్వాత కూడా రెండు మూడు కిలోల నూలు బట్టల్లో లీటరు, లీటరున్నర నీళ్లు మిగులుతాయి. మా బండిలో ప్రతి లోడుకీ ఆ నీళ్లన్నీ ఆవిరై గోడ వెనకాలే దిగాయి. ఆర్‌వీ గోడలూ నేలా ఇంటివాటిలా మందంగా ఉండవు, పల్చటి ప్లై, ఫోమ్, పైన ఫైబర్‌గ్లాస్ అంటించినవి. జిగురు ఒకసారి తడికి వదిలితే మళ్లీ పట్టదు. పైగా లింట్ పేరుకున్నచోట వేడిగాలి. అది నిప్పుకి ఎంత దగ్గరో నేను చెప్పక్కర్లేదు.

ఇక అక్కడినుంచి మొదలైంది అసలు తిరుగుడు. కన్నం కోయడం ఫ్యాక్టరీ పని అని డీలర్. మిషన్ బిగించింది డీలరే కదా, వాడినే అడగండి అని బండి కంపెనీ. మిషన్ బాగానే పనిచేస్తోంది, బిగింపు లోపాలకు మా వారంటీ వర్తించదని మిషన్ కంపెనీ. డబ్బులు పోసి కొనుక్కున్న ఎక్స్‌టెండెడ్ వారంటీలో ‘క్రమంగా జరిగిన నీటి నష్టం’ మినహాయింపు. తిలాపాపం తలా పిడికెడు అంటారు, ఇక్కడ పిడికెడు తీసుకోవడానికి కూడా ఎవరూ ముందుకు రాలేదు. కొనేదాకా వారానికి రెండుసార్లు ఫోన్ చేసిన సేల్స్‌మన్ ఇప్పుడు ఫోన్ ఎత్తడు. ఏరు దాటాక బోడి మల్లన్నే మరి. రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసులో వినియోగదారుల ఫిర్యాదు పెట్టాం. అది తేలేదాకా పేర్లు రాయను, అడగొద్దు.

మీరు చేయాల్సింది ఇది. డెలివరీ తీసుకునే రోజు రెండు తువ్వాళ్లు తడిపి, పిండి, సంచిలో పట్టుకెళ్లండి. బండిని డీలర్ యార్డులో బయటి కరెంటు లైనుకి, అంటే షోర్ పవర్‌కి తగిలించమనండి. తువ్వాళ్లు డ్రమ్ములో వేసి డ్రై మాత్రమే పెట్టండి. పావుగంట తర్వాత బయటికి వెళ్లి వెంట్ మూత దగ్గర అరచెయ్యి పెట్టండి. రెక్కలు లేచి, వెచ్చటి తడిగాలి చేతికి తగలాలి. తగల్లేదంటే పెన్ను జేబులో పెట్టుకుని వచ్చేయండి. వాళ్లు విసుక్కుంటారు, వెనకాల ఇంకో కస్టమర్ ఉన్నాడంటారు, విసుక్కోనివ్వండి. ఆ తువ్వాళ్లు పూర్తిగా ఆరేదాకా అక్కడే కూర్చోగలిగితే ఇంకా మంచిది. పెద్ద బండి కొంటుంటే ఆర్‌వీ ఇన్‌స్పెక్టర్ల సంఘం ఎన్‌ఆర్‌వీఐఏ సర్టిఫికేషన్ ఉన్న ఇన్‌స్పెక్టర్‌ని మీ ఖర్చుతో పెట్టుకోండి. డీలర్ మనిషి చేసే పీడీఐ (అప్పగించే ముందు తనిఖీ) చాలదు.

‘ప్రెప్’లో ఏమేం ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి. కొన్ని బండ్లలో అది వేడినీళ్ల కుళాయి, చన్నీళ్ల కుళాయి, డ్రెయిన్ గొట్టం, ఒక కరెంటు ప్లగ్గు, అంతవరకే. బయటికి వెంట్ కన్నం ఉందా, మిషన్‌కి విడి బ్రేకర్ ఉందా, మిషన్ బిగింపులో లోపం వస్తే బాధ్యత ఎవరిది? ఈ మూడింటికీ జవాబు సేల్ అగ్రిమెంటులోనే ఉండాలి. నోటిమాట చెల్లదు.

కరెంటు సంగతి ఇంకో గొయ్యి. మీ బండి 30 యాంప్సా, 50 యాంప్సా అన్నది మిషన్ మోడల్ కంటే ముందు చూడండి. 30 యాంప్స్ అంటే 120 వోల్టుల లైను ఒక్కటే, మొత్తం 3,600 వాట్లు. 50 యాంప్స్ ప్లగ్గులో అలాంటి లైన్లు రెండు, ఒక్కోదాంట్లో 50, కలిపి 12,000 వాట్లు. వినడానికి 20 యాంప్స్ తేడా, నిజానికి మూడు రెట్లకు పైనే. పైకప్పు ఏసీ పదమూడు పద్నాలుగు యాంప్స్ లాగుతుంది, కరెంటు మీద నడిచే వాటర్ హీటర్ పన్నెండు దాకా, డ్రయర్ మరో పదకొండో పన్నెండో. 30 ఎప్పుడో దాటిపోయింది, బ్రేకర్ టప్పున పడుతుంది. ఆగస్టులో ఏసీ ఆపి బట్టలు ఆరబెట్టుకోవడం టెక్సస్‌లో జరిగే పని కాదు. అందులోనూ వెంటెడ్ డ్రయర్ ఏసీ చల్లబరిచిన గాలినే బయటికి తోసేస్తుంది, ఆ ఖాళీలోకి బయటి వేడి దూరుతుంది. ఇంట్లో వాడే 240 వోల్టుల డ్రయర్ పెట్టించుకుందామంటే మామూలు ఆర్‌వీల్లో దానికి లైనే ఉండదు.

గోడ కోయడం ఇష్టంలేని డీలర్ మాకు తర్వాత చెప్పిన ఉపాయం, వెంట్‌లెస్ కాంబోకి మారండి, ఖర్చు మాత్రం మీదే. తీసుకోబోయేవాళ్లు దాని లెక్క కూడా తెలుసుకోండి. కొన్ని వెంట్‌లెస్ మోడళ్లలో ఆవిరిని తిరిగి నీరుగా మార్చడానికి చన్నీళ్లు పారిస్తారు. అంటే ఉతకడానికే కాదు, ఆరబెట్టడానికీ నీళ్లు ఖర్చు. వేసవిలో అరిజోనాలోనో టెక్సస్‌లోనో కుళాయి తిప్పితే వచ్చేవే గోరువెచ్చటి నీళ్లు, వాటితో ఆవిరి ఏం చల్లారుతుంది? ఆరే సమయం ఇంకా సాగుతుంది. ఆ నీళ్లన్నీ పోయేది గ్రే ట్యాంకులోకి, అంటే సింకులో, షవర్లో వాడిన నీళ్లు చేరే ట్యాంకులోకి. ఒక్కో ఉతుకుకి పది పదిహేను గ్యాలన్లు అనుకుంటే 40 గ్యాలన్ల ట్యాంకు ఎన్ని లోడ్లకు నిండుతుందో మీరే లెక్కేసుకోండి. ట్యాంకు వాల్వ్ మూసి ఉండగా నిండిందా, సబ్బునీళ్లు ముందు తేలేది షవర్ అడుగున. గోడ వెనక పైపులు అన్నీ ఒకటే కదా.

ఇంకో విషయం. మనం వెళ్దామనుకునే చోట్ల ఈ మిషన్ వాడే వీలుందా? ఎల్లోస్టోన్ పార్కు లోపల కరెంటు, నీళ్లు, డ్రెయిన్ మూడు హుకప్సూ (బండికి తగిలించుకునే కనెక్షన్లు) ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కచోటే. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ మీదైతే ట్రైలర్ విలేజ్. వీటికి బుకింగ్ దొరకడమే గగనం. నేషనల్ పార్కుల్లో మిగతా క్యాంప్‌గ్రౌండ్లు చాలావాటిలో హుకప్స్ ఉండవు, అక్కడ మీ మిషన్ ఉత్త బరువు. సెప్టిక్ ట్యాంకు మీద నడిచే కొన్ని ప్రైవేటు పార్కులు బండిలో బట్టలు ఉతకనివ్వవు కూడా. బయట తాడు కట్టి ఆరేద్దామన్నా చాలాచోట్ల ఒప్పుకోరు. లుంగీలు వేలాడితే అసలే ఒప్పుకోరు, మామయ్య అడిగి మరీ కాదనిపించుకున్నారు.

బరువు గురించి కొంచెమే చెబుతాను. కాంబో ఒక్కటే 150 పౌండ్ల దరిదాపుల్లో ఉంటుంది. బండి తలుపు దగ్గర పసుపు స్టిక్కర్ మీద ఎంత సామాను మోయగలదో రాసి ఉంటుంది. ఫ్యాక్టరీలో అంటించిన ఆ లెక్కలో డీలర్ తర్వాత బిగించిన మిషన్ కలిసిందా లేదా అడగండి. చలికాలం బండి నిలబెట్టేవాళ్లు ఆ గులాబీరంగు యాంటీఫ్రీజ్ మిషన్ లోపలికి కూడా తిప్పాలి. లేదంటే పంపులోనూ వాల్వులోనూ నిలిచిన నీళ్లు గడ్డకట్టి పగలగొడతాయి.

మేం మిషన్ పీకించేశాం. క్లాజెట్ నేల, వెనక గోడ మా డబ్బులతోనే వేయించాం. ఇప్పుడు బరువు బట్టలు పార్కు లాండ్రీలో క్వార్టర్లు (పావు డాలర్ నాణేలు) వేసి తిప్పుకుంటాం. చిన్న బట్టలకు ఒక పోర్టబుల్ స్పిన్నర్ కొన్నాం. మన ఇళ్లలో సెమీ ఆటోమేటిక్ మిషన్లో పక్కన ఉంటుందే, అలాంటిదే. మూడు వేల పైచిలుకు ఆర్‌పీఎంతో తిరుగుతుంది, కరెంటు మూడొందల వాట్లు మించదు. అందులో పిండి షవర్లో రాడ్ మీద వేస్తే పల్చటి బట్టలు పొద్దున్నకి ఆరిపోతాయి. ఇదే ముందు తెలిస్తే ఆ లోన్‌లో ఇంత కలిసేది కాదు. డీలర్ మాత్రం ఇలాంటివి చెప్పడు, వాడికి దీంట్లో వచ్చేదేముంది.

సెకండ్‌హ్యాండ్ బండి చూస్తున్నవాళ్లకు మరీ మరీ చెబుతున్నాను. బండంతా పాత నేల ఉండి వాషర్ క్లాజెట్ అడుగున మాత్రమే కొత్త వినైల్ కనిపిస్తే ఆగండి. హార్డ్‌వేర్ షాపుల్లో ముప్పై నలభై డాలర్లకు పిన్నులున్న తేమ మీటర్లు దొరుకుతాయి. మిషన్ వెనక గోడకు, నేల అంచులకు గుచ్చి చూడండి, అదే గోడ ఇంకో చివర గుచ్చి పోల్చండి. అంకె బాగా ఎక్కువ చూపించిందంటే ధర బేరం కూడా మొదలుపెట్టకండి. గుచ్చొద్దు, మార్కు పడుతుంది అని అమ్మేవాడు అడ్డుపడితే మీకు జవాబు దొరికినట్టే.