పవర్ ఆంప్ మంచిదే, కానీ రాత్రిపూట నిద్రపోతుంది

స్పీకర్లను నడిపే ఈ పవర్ ఆంప్లిఫయర్ డిస్టార్షన్ ఎంత, వెనక ఏ సాకెట్లున్నాయి అన్నవి నేను మళ్లీ చెప్పక్కర్లేదు. కొనాలనుకునేవాళ్లు అవన్నీ ఈపాటికి చూసే ఉంటారు. ఏడాది దాటి వాడాక నాకు దీని మీద మిగిలింది ఒకే ఒక్క కోపం. ఆటో స్టాండ్‌బై, అంటే సిగ్నల్ రావడం లేదనుకుని ఆంప్ దానంతట అదే నిద్రలోకి జారుకోవడం. కంపెనీ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఇదే పద్ధతి ఇంకా చాలా ఆంప్‌లలో ఉంది.

అసలు దీన్ని ఎందుకు కొన్నానో రెండు ముక్కల్లో చెప్తాను. నావి నేల మీద నిలబెట్టే పొడుగు స్పీకర్లు. సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన వోల్టేజీకి ఎంత గట్టిగా మోగుతాయన్నది, 86 డెసిబెల్స్. వెనక 6 ఓమ్‌లు అని రాసి ఉంటుంది గానీ, ఇంపెడెన్స్ (కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు) ఒక్కచోట నిలబడే అంకె కాదు, ఫ్రీక్వెన్సీని బట్టి మారిపోతూ ఉంటుంది. వీటిది బేస్ దగ్గర మూడున్నర ఓమ్‌ల దాకా పడిపోతుంది, అంటే అక్కడ కరెంటు ఎక్కువ లాగుతాయి. ఆంప్ లోపలే ఉండే పాత రిసీవర్‌లో వాల్యూమ్ కాస్త పెంచితే చాలు, తనను తాను కాపాడుకోవడానికి ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోయేది. దాని మెనూలో '4 ఓమ్‌లు' అనే ఆప్షన్ ఒకటి ఉంది. అది పెట్టాక ఆగిపోవడం తగ్గింది, పాటలో ఊపు కూడా తగ్గింది. రిసీవర్లలో ఆ ఆప్షన్ సాధారణంగా చేసే పని లోపలి వోల్టేజీని తగ్గించడమే మరి. అందుకే 8 ఓమ్‌లకు 100 వాట్లు, 4 ఓమ్‌లకు దాదాపు అంతకు రెట్టింపు ఇచ్చే ఈ క్లాస్ డి (తక్కువ వేడితో ఎక్కువ శక్తి ఇచ్చే రకం) ఆంప్ తెచ్చుకున్నాను.

కొత్తలో తెగ మురిసిపోయాను. బేస్ బిగుతుగా వస్తోందని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను. బేస్ ఇప్పటికీ బాగుంది. కాకపోతే అదే వారంలో స్పీకర్లను గోడ నుంచి ముందుకు జరిపాను కాబట్టి, మెచ్చుకోలు మొత్తం ఆంప్ ఖాతాలో వేయలేను. వాట్ల మాటా అంతే. 50 నుంచి 100 వాట్లకు వెళ్తే పెరిగేది 3 డెసిబెల్స్, అంటే వాల్యూమ్ నాబ్ కొంచెం తిప్పినంత. స్పీకర్ల ఓమ్‌లు అంతగా పడిపోయినా ఈ ఆంప్ ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ప్రొటెక్షన్‌లోకి వెళ్లలేదు. నాకు కావలసింది అదే, ఆ లెక్కన డబ్బు వృథా కాలేదు.

ఇక అసలు సంగతి. నేను పాటలు వినేది ఎక్కువగా రాత్రి, ఇంట్లో అందరూ పడుకున్నాక. ఒక రోజు నెమ్మదిగా సాగే పియానో వింటున్నాను. మధ్యలో టిక్‌మని రిలే (లోపలి స్విచ్) శబ్దం, ఆ తర్వాత ఏమీ లేదు. నెట్ నుంచి పాటలు అందించే స్ట్రీమర్ తెర మీద పాట నడుస్తూనే ఉంది. వైఫై పోయిందేమో అనుకుని ఫోన్ చూశాను, ఉంది. కేబుళ్లు తీసి మళ్లీ పెట్టాను. వాల్యూమ్ పెంచితే మళ్లీ టిక్‌మంది, ఒకేసారి పియానో ఇల్లంతా మోగింది. పక్క గదిలోంచి ఎవరో విసుక్కున్నారు కూడా. మర్నాడు పగలు మామూలు వాల్యూమ్‌లో పెడితే ఏ సమస్యా లేదు. రాత్రయ్యేసరికి మళ్లీ అదే వరస. మాట మధ్యలో కునుకు తీసే మనిషిలా, సరిగ్గా పాట మెత్తబడిన చోట ఆగిపోయేది. కేబుళ్లు మార్చాను, స్ట్రీమర్ తీసేసి సీడీ ప్లేయర్ తగిలించాను, చివరికి ప్రీఆంప్ (పవర్ ఆంప్‌కు ముందుండే, వాల్యూమ్ నాబ్ ఉన్న పెట్టె) పాడైందేమో అన్న టెన్షన్ కూడా పట్టుకుంది.

సర్వీసుకు ఫోన్ చేస్తే ఒకే మాట: "కొంచెం గట్టిగా వినండి సార్." ఇది ఫిర్యాదు కిందికే రాదన్నట్టు చెప్పారు. మాన్యువల్లో దీనికి ఇచ్చిన చోటు ఒక్క వాక్యం, 'ఇరవై నిమిషాలు సిగ్నల్ లేకపోతే స్టాండ్‌బైలోకి వెళ్తుంది' అని. సిగ్నల్ లేకపోవడం అంటే ఎన్ని మిల్లీవోల్టులో ఎక్కడా రాయలేదు.

ఆ లెక్క నేనే వేసుకున్నాను. స్పీకర్ సెన్సిటివిటీ 86 అంటే, 2.83 వోల్టులు ఇస్తే మీటర్ దూరంలో 86 డెసిబెల్స్ వస్తాయి. రాత్రి వినేది 60 దగ్గర అనుకుంటే దానికి 0.14 వోల్టు చాలు. వాట్లలో చెప్పాలంటే ఒక వాట్‌లో వందో వంతు కూడా కాదు. ఈ ఆంప్ గెయిన్ 29 డెసిబెల్స్, అంటే లోపలికి వచ్చిన వోల్టేజీని 28 రెట్లు పెంచుతుంది. అప్పుడు ఇన్‌పుట్ దగ్గరకు చేరేది 5 మిల్లీవోల్టులు. అదీ సగటున. పాట మెత్తబడితే ఇంకా తక్కువ. మనకు పాట వినిపిస్తూనే ఉంటుంది, ఆంప్‌కు మాత్రం ఎవరూ లేనట్టే.

ఆంప్ వెనక రెండు స్థానాల స్విచ్ ఒకటి ఉంది: ఆటో, ట్రిగ్గర్. ట్రిగ్గర్‌లో పెడితే ప్రీఆంప్ నుంచి 12 వోల్టులు అందుతున్నంత సేపూ మేలుకొనే ఉంటుంది. మంచి ఏర్పాటే, కానీ నా ప్రీఆంప్‌కు ట్రిగ్గర్ అవుట్‌పుట్ లేదు. 'ఎప్పుడూ ఆన్' అనే మూడో స్థానం ఎందుకివ్వలేదు? యూరోపియన్ యూనియన్ నియమాలున్నాయి, ఒప్పుకుంటాను. స్టాండ్‌బైలో ఉన్న పరికరం మామూలుగా అర వాట్‌కు మించి తినకూడదు, వాడనప్పుడు దానంతట అదే ఆ స్థితికి వెళ్లాలి అని 2013 నుంచి అక్కడ అమల్లో ఉంది. కానీ నేను వాడుతూనే ఉన్నాను కదా! కొందరు చిన్న 12 వోల్టుల అడాప్టర్ తెచ్చి ట్రిగ్గర్ సాకెట్‌కు తగిలిస్తారు. అడిగితే వారంటీ పోతుందన్నారు, వదిలేశాను.

దారి దొరికింది గెయిన్ స్విచ్ దగ్గర. అది ఎందుకుందో అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. 29, 26, 23 అని మూడు మెట్లు, ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే పై మెట్టులో ఉంటుంది. 23కి దించాను. ఇప్పుడు అదే శబ్దం రావాలంటే ప్రీఆంప్ వాల్యూమ్ పెంచాలి, అంటే ఇన్‌పుట్‌కు రెట్టింపు వోల్టేజీ వెళ్తుంది. 5 మిల్లీవోల్టులు 10 అయ్యాయి. ఆంప్ బలం తగ్గిస్తే ఆంప్ మేలుకొని ఉంది! నాకు నవ్వొచ్చింది. పోగొట్టుకున్నది కూడా ఏమీ లేదు. 100 వాట్లకు 8 ఓమ్‌ల మీద 28 వోల్టులు కావాలి. 23 డెసిబెల్స్ గెయిన్ అంటే 14 రెట్లు, కాబట్టి లోపలికి 2 వోల్టులు ఇస్తే సరిపోతుంది. మామూలు సీడీ ప్లేయర్ ఇచ్చేదే అంత.

ఇంకో లాభం కూడా ఉంది. మధ్యలో ఈ ఆంప్‌ని ఒక స్నేహితుడి ఇంట్లో 94 డెసిబెల్స్ హార్న్ స్పీకర్లకు కలిపి చూశాం. వాట్ల లెక్కన అయితే ఇంతకంటే సులువైన జోడీ ఉండదు. తీరా చూస్తే, కూర్చున్న చోటికే ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్) నుంచి సన్నటి బుస వినిపించింది. పైగా ఇంకా త్వరగా నిద్రపోయింది, ఎందుకంటే ఆ స్పీకర్లకు నా వాటికి కావలసిన వోల్టేజీలో దాదాపు 40 శాతం చాలు. గెయిన్ దించగానే బుస చెవి ఆనిస్తే గానీ వినపడనంత తగ్గింది. ఆంప్ కొనేటప్పుడు అందరూ వాట్లు, ఓమ్‌లు అడుగుతారు గానీ, సెన్సిటివ్ స్పీకర్లున్నవాళ్లు ముందు అడగాల్సింది గెయిన్ ఎంత, దాన్ని తగ్గించొచ్చా అని.

పూర్తిగా బాగుపడిందా అంటే, లేదు. మరీ తగ్గించి వింటే ఇప్పటికీ అప్పుడప్పుడు టిక్‌మంటుంది. లేచి నాబ్ తిప్పి కూర్చుంటున్నాను.

కొనొచ్చా అని అడిగితే, నాది మధ్యస్థంగా ఉండే గది, వినేది తక్కువ వాల్యూమ్, స్పీకర్లేమో కరెంటు ఎక్కువ లాగే రకం. ఆ స్పీకర్ల కోసమైతే మళ్లీ దీన్నే కొంటానేమో. మీ ప్రీఆంప్‌కు ట్రిగ్గర్ ఉన్నా, మీరు పగలు హాయిగా గట్టిగా వినేవాళ్లైనా, ఈ సమస్య ఉందని కూడా మీకు తెలియదు. రాత్రిళ్లు వినేవాళ్లైతే మాత్రం అమ్మేవాళ్లను ఆ స్విచ్‌కు మూడో స్థానం ఉందా అని అడిగి, వీలైతే వెనక్కి ఇచ్చే షరతు మీద తెచ్చుకుని, మీరు వినే వాల్యూమ్‌లోనే గంటసేపు వదిలి చూడండి.